నువ్వున్నవ్ గద

బెల్లం ముద్దలకు అంటుకున్న గోనె పీచు ఏరడం అనే పని ఒకటి ఉంటుందని ఆ పని చేసేవాళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. మేడారం జాతర దగ్గర పడిందంటే చాలు, వినోద ఇంట్లో అది మొదలవుతుంది. కింద దుకాణం, పైన ఇల్లు. వరంగల్ బీట్ బజార్ పక్క సందులో మామగారి కాలం నుంచీ నడుస్తున్న కిరాణా అది. సమ్మక్క సారలమ్మలకు ఎక్కే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. ఆ బంగారంలో పీచో చీమో కనబడితే కొనడానికి వచ్చినవాళ్లు మొహం మీదే అనేస్తారు. అందుకని బస్తాలు మెట్లెక్కి పైకి వస్తాయి, వినోద ముందు విప్పుకుంటాయి, శుభ్రపడి మళ్లీ కిందికి దిగుతాయి. హమాలీకి కూలి ఉంది, ఆటోకు కిరాయి ఉంది. మేడ మీద ఆ బస్తాలకు ఏం జరుగుతుందో దుకాణానికి ఎన్నడూ పట్టలేదు.

ఆ రోజు పొద్దున కూడా ఆమె అదే పని మీద ఉంది. పొయ్యి మీద ఇడ్లీలు, నల్లా కింద బకెట్, ఇంటర్ చదివే కూతురు అక్షర సాక్సుల కోసం వేస్తున్న కేకలు, ఇన్నింటినీ చెవుల్లో పెట్టుకుని చేతులు మాత్రం బస్తాలో పెట్టింది. అక్షర వెళ్లింది, ఇడ్లీలు దిగాయి, బకెట్ నిండింది, బస్తా మాత్రం తరగలేదు. అప్పుడు ఫోన్ టింగుమంది. జిగట వేళ్లతో ముట్టుకోకుండా చిటికెన వేలి గోటితో తెరిచి చూసింది.

తేజస్వి ఫొటోలు పెట్టింది. తేజస్వి అంటే వినోద భర్త శేఖర్‌కు ఒక్కగానొక్క చెల్లెలు, సింగపూర్‌లో ఉద్యోగం, ముప్పై దాటినా పెళ్లి మాటెత్తితే నవ్వి ఫోన్ పెట్టేసే పిల్ల. మొదటి ఫొటోలో సముద్రం. రెండో ఫొటోలో గడ్డి గొడుగు కింద వాలుకుర్చీ, పక్కన కొబ్బరిబోండాం, కుర్చీ చివర గులాబీరంగు గోళ్లతో రెండు పాదాలు. మూడో ఫొటోలో మోకాళ్ల లోతు నీళ్లలో చేతులు చాపి నిలబడ్డ తేజు వీపు. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: ఒంటరిగా లంకావి దీవిలో, ఈ రోజు ఏమీ చెయ్యలేదు.

వినోదకు కుళ్లు పుట్టింది. ఈర్ష్య, అసూయ అని పుస్తకాల మాటలు ఎందుకు, అది అచ్చంగా కుళ్లే.  జిగట సంగతి మరిచి వేళ్లు ఆనించి ఆ పాదాలను పెద్దవి చేసి చూసింది. మడమలు నున్నగా ఉన్నాయి. వినోద పెళ్లై ఈ ఇంటికి వచ్చేసరికి తేజు ఆరో తరగతి. ఆ పాదాలకు గోరింటాకు పెట్టింది వినోద, ఆ జుట్టుకు రెండు జడలు వేసింది వినోద, ఇంజనీరింగ్‌కు హైదరాబాద్ పంపనని మామగారు మొండికేస్తే మూడు పూటలా అన్నం వడ్డిస్తూ ఆయన చెవిలో పోరు పెట్టింది కూడా వినోదే. చీర కాస్త ఎత్తి తన మడమలు చూసుకుంది. పగుళ్లలో బెల్లం పొడి దూరి నల్లగా ఉంది. ఎవరో చూస్తున్నట్టు చటుక్కున చీర దించేసింది.

కానీ ఆమెను అసలు కాల్చింది సముద్రం కాదు, పాదాలూ కాదు, ఆ కింది వాక్యం. ఏమీ చెయ్యలేదట. శేఖర్ దుకాణం కట్టేసి పైకి వచ్చి సోఫాలో కూలబడుతూ అనే మాట ఒకటుంది: "నీకేంది, పొద్దందాక ఇంట్లనే ఉంటవ్, ఏం పని ఉంటది నీకు?" మామగారు బతికున్నప్పుడు ఎవరైనా చుట్టాలొచ్చి కోడలు ఏం చేస్తుందని అడిగితే, "ఏం జెయ్యది, ఇంట్లనే ఉంటది" అనేవారు. ఆయన మంచం పట్టినప్పుడు ఆయన కింది బట్టలు మార్చింది కూడా ఆ ఏమీ చెయ్యని కోడలే. ఇరవై ఏళ్లకు పైగా ఏమీ చెయ్యదన్న పేరు మోస్తూ నడుము విరిగేలా చేసింది. ఇప్పుడు తేజు నిజంగానే ఏమీ చెయ్యకుండా పడుకుని ఆ మాటే రాసుకుంటే, పిన్నమ్మ కొడుకులూ మేనత్త కూతుళ్లూ పోటీలు పడి ఎర్ర గుండెలు గుప్పిస్తున్నారు. వదిన కూడా ఒక గుండె పెట్టాలి కదా! పెట్టింది. ఒక నిమిషం ఆగి తీసేసింది.

పోనీ వినోద సముద్రం చూడని మనిషా అంటే, అదీ కాదు. అక్షర చిన్నప్పుడు శేఖర్ స్నేహితుల కుటుంబాలతో కలిసి బాపట్ల దాకా రైల్లో, అక్కణ్నించి సూర్యలంకకు పోయారు. అందరూ నీళ్లలోకి దిగారు. అత్తమ్మ కూడా చీర ఎగ్గట్టి దిగింది. చెప్పులు, గడియారాలు, ఫోన్లు, పులిహోర గిన్నె ఎవరో ఒకరు చూసుకోవాలి కదా, వినోద కూర్చుంది. గాలికి ఇసుక లేచి పులిహోరలో పడుతుంటే సముద్రానికి వీపు పెట్టి, గిన్నెకు తన ఒళ్లే అడ్డం పెట్టి కూర్చుంది. చివరికి శేఖర్ తడి తల తుడుచుకుంటూ వచ్చి "ఇగ నువ్వు పో" అన్నాడు. అప్పటికి అక్షర ఆకలని ఏడుస్తోంది, రైలుకు టైం అవుతోంది. ఇంటికొచ్చాక అందరి బట్టల్లోంచి ఇసుక దులిపింది. ఆమె వంతు సముద్రం అంతే.

బస్తా అక్కడే వదిలేసి, చేతులు కడుక్కుని, ఫోన్ పట్టుకుని హాల్లోకి వచ్చింది. అత్తగారు అనసూయమ్మ టీవీ ముందు చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అత్తమ్మా, మీ బిడ్డను చూడండ్రి."

అనసూయమ్మ అద్దాలు సరిచేసుకుంది. "ఏడున్నది గిది?"

"లంకావి అట. మలేషియా దిక్కు దీవి. సెలవు పెట్టి పోయిందట, ఒక్కతే."

"ఒక్కతేనా! ఒక్కతె ఆడ ఏం జేస్తది?"

"ఏం జేస్తలేదట. గదే రాసింది."

అక్కడితో ఆపితే బాగుండేది. నాలుక చివరికొచ్చిన మాటను వినోద మింగలేకపోయింది, మింగాలనీ అనుకోలేదు. "ఒక్కతే అయితె, గీ వెనక నుంచి ఫొటో ఎవరు తీసిండ్రో మరి" అనేసింది.

ఇంకేం కావాలి! చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిగింది, టీవీ నోరు మూసింది. "ఓ నా తల్లీ! నర్సంపేట పత్తి సేట్లు జాతరల పిల్లను చూస్తమంటిరి. గిది చూసిండ్రంటె ఇంకేమన్న ఉన్నదా! సమ్మక్క తల్లి కాడికి రానీకె సెలవు లేదు, సముద్రం కాడికి పోనీకె ఉన్నదా దీనికి?" అని అనసూయమ్మ అందుకుంది. ఆమె బాధలో సంబంధం ఒక ఎత్తయితే మొక్కు ఇంకో ఎత్తు. తేజు సింగపూర్ వెళ్లిన కొత్తలో జ్వరం ముదిరి దవాఖానలో పడింది. అప్పుడు బిడ్డ లేచి తిరిగితే నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. అంటే బిడ్డను కాంటా ఎక్కించి, ఎంత తూగితే అంత బెల్లం తల్లుల గద్దెల దగ్గర పెట్టాలి. బిడ్డ లేచింది, తిరిగింది, దీవుల దాకా తిరిగింది. కాంటా మాత్రం ఎక్కలేదు. పోయిన జాతరకూ రాలేదు.

టిఫిన్ కోసం పైకి వచ్చిన శేఖర్‌కు సంగతి తెలిసింది. నాలుగు ఇడ్లీలు తినేలోపు ఉపాయం కూడా తేల్చేశాడు. "వినోదా, దానికి ఫోన్ జెయ్యి. అమ్మను దవాఖానల షరీక్ చేసినం, జల్ది రా అని చెప్పు. రెక్కలు కట్టుకుని దిగుతది. జాతర దాక ఇగ పోనియ్యం."

"నేనెందుకు? మీరే చెప్పండ్రి."

"నేను చెప్తే నమ్మది. వీడియో కాల్ పెట్టు, డాక్టర్‌తోని మాట్లాడిపియ్యి అంటది. నువ్వు చెప్తే నమ్ముతది. దానికి నువ్వు ఎన్నడన్న అబద్ధం చెప్పినవా?"

చెప్పలేదు. ఇరవై ఏళ్లలో ఒక్కటీ చెప్పలేదు. దాచుకున్న ఆ మంచి పేరును ఇలా ఒక్క పూటలో ఖర్చు పెట్టమంటున్నారు. వద్దని అనొచ్చు. ఎవరూ ఆమె చెయ్యి మెలిపెట్టలేదు. కానీ సాంబారు గరిటె చేతిలో పట్టుకుని నిలబడ్డ వినోదకు ఆ గొడుగు కింది వాలుకుర్చీ కనబడింది. అందులోంచి తేజు గబగబా లేవడం కూడా కనబడింది. "సరే" అంది.

మధ్యాహ్నం వంట పని తెమిలాక డాబా మీదికి వెళ్లింది. పాత చీర మీద ఎండబెట్టిన మిరపకాయలు ఘాటు కొడుతున్నాయి. ఒక్క రింగుకే తేజు ఎత్తింది. వెనక అలల హోరు వినబడుతోంది.

"వదినా! ఏం జేస్తానవ్?"

"ఏం లేదు. నువ్వేం జేస్తానవ్?"

"మస్తు నిద్ర పోయిన వదినా! పొద్దున పదింటికి లేచిన. తిన్న, మళ్లా పండుకున్న, ఇప్పుడే లేచిన. ఇగ ఆకలైతాంది, పోయి తినాలె."

"ఏం వండిండ్రు?"

"ఏమో, ఎవరో ఏదో వండుతరు గద" అని తేజు నవ్వింది.

ఎవరో ఏదో వండుతారు. వినోద బతుకులో ఆ ఎవరో ఎప్పుడూ తనే. "ఫొటో ఎవరు తీసిండ్రు?" అని అడిగింది. గొంతులో తీపి తగ్గకుండా జాగ్రత్త పడింది.

"ఎవరు తీస్తరు? ఇసుకల చెప్పు గుచ్చి, దానికి ఫోన్ ఆనిచ్చి టైమర్ పెట్టిన. రెండు సార్లు బోర్ల పడ్డది."

నిజంగానే ఒక్కతే. ఆ సంగతి తేలాక వినోదకు మంట రెట్టింపైంది. ఒక మగవాడు ఉండి ఉంటే సగం చల్లారేది. వాడికి తువ్వాలు అందించాల్సి వచ్చేది, వాడి ఫోన్ ఛార్జర్ వెతకాల్సి వచ్చేది, వాడికి కారం ఎక్కువైందేమో అని వాడి మొహం చూడాల్సి వచ్చేది. పాపం తేజు కూడా అంతే అనుకుని వినోద హాయిగా కిందికి దిగేది. ఇక్కడ అలాంటిదేం లేదు. ఆ పిల్ల లేచింది, తింది, పడుకుంది. ఎవరి మొహమూ చూడలేదు. అలా ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు తను ఎప్పుడైనా గడిపిందా అని వెతుక్కుంది. అక్షర పుట్టిన రోజు దవాఖాన మంచం మీద కాసేపు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా శేఖర్ వచ్చి బీరువా తాళాలు ఎక్కడున్నాయని అడిగాడు.

"నువ్వు గూడ ఒక్కసారి రా వదినా, మస్తుంటది" అంది తేజు.

రమ్మనడం ఎంత తేలికో! ఆధార్ కార్డు తప్ప తన పేరున ఏ కార్డూ లేని మనిషిని సముద్రాలు దాటి రమ్మంటోంది, పక్కింట్లోకి పేరంటానికి పిలిచినట్టు. వినోద ఇంక ఆగలేదు.

"తేజూ, అత్తమ్మను దవాఖానల షరీక్ చేసిండ్రు."

 "ఏమైంది?" అని చిన్న గొంతు.

"రాత్రి నుంచి ఛాతిల నొప్పన్నది. పరీక్షలు చేస్తాండ్రు. నువ్వు వస్తె మంచిగుంటది."

తేజు ఏడ్చింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ ఏడుపు వింటుంటే వినోద కడుపులో ఏదో చల్లబడింది. "టికెట్లు చూసి మళ్ల జేస్త వదినా" అని తేజు పెట్టేసింది.

వినోద మిరపకాయలు తిరగేస్తూ కూర్చుంది. ఈపాటికి పెట్టె సర్దుతూ ఉంటుంది. ఆ గులాబీ గోళ్ల పాదాలకు బూట్లు ఎక్కిస్తూ ఉంటుంది. బోండాం సగం తాగి వదిలేసి ఉంటుంది. వాలుకుర్చీ ఖాళీగా ఉంటుంది. తనకెటూ అందనిది తేజుకూ అందకుండా పోయిందన్న తృప్తి, ఎంత నీచమైనదైనా తృప్తే. దాన్ని ఒక్కొక్క మిరపకాయతో పాటు తిరగేసుకుంటూ ఆమె అక్కడే ఉండిపోయింది.

ఫోన్ మోగింది.

"వదినా, సోంచాయించిన" అంది తేజు. ఏడుపు ఆగిపోయింది, గొంతు తేటపడింది. "నేను ఉరికొచ్చి మాత్రం ఏం జేస్త? ఆడ నువ్వున్నవ్ గద. అమ్మకు ఏ గోలి ఎప్పుడెయ్యాలె, ఏం తింటది, ఏం పడది, అన్ని నీకే ఎరుక. నేనొస్తె నీకు ఇంకో మనిషికి వండే తిప్పలు. ఆదివారం దాక నాకు ఈడ రూం ఉన్నది. అప్పటికి గూడ తక్కువ గాకుంటె వస్త. పూట పూటకు జర మెసేజ్ పెట్టు, చాలు. నువ్వున్నవని నాకు ఫికర్ లేదు వదినా. నువ్వే లేకుంటె నేను గిట్ల తిరిగేదాన్నా, చెప్పు?"

ఫోన్ పెట్టేశాక కూడా వినోద దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది.

తేజు ఆ మాట ప్రేమతోనే అంది. దొంగ ప్రేమ కాదు, కడుపులోంచి వచ్చిందే. అందుకే అది నేరుగా వచ్చి తగిలింది. నువ్వున్నవ్ గద. మామగారు మంచంలో ఉండగా శేఖర్ స్నేహితులతో గోవా బయల్దేరుతూ అన్నది ఇదే, "నాయినను చూస్కోనీకె నువ్వున్నవ్ గద." అనసూయమ్మ కాశీయాత్రకు పోతూ దుకాణాన్ని, ఇంటిని, కొడుకును అప్పగిస్తూ అన్నదీ ఇదే. స్టేషన్ ఘన్‌పూర్‌లో వినోద తల్లి బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, పోయి నాలుగు రోజులు ఉండి వస్తానంటే శేఖర్ అడ్డం పడ్డాడు. "ఆడ మీ తమ్ముని భార్య ఉన్నది గద" అన్నాడు. ఎక్కడ చూసినా ఎవరో ఒక కోడలు ఉంటుంది. ఆమె ఉంది కాబట్టే మిగతావాళ్లందరూ ఎక్కడికైనా పోగలరు. తేజుకు సెలవిచ్చింది ఆఫీసు అనుకుంది ఇంతసేపూ. ఎవరిచ్చారో ఇప్పుడు అర్థమైంది. తల్లి ఛాతీ నొప్పితో పడి ఉందన్నా ఆ పిల్ల వాలుకుర్చీలోంచి లేవలేదు, లేవాల్సిన అవసరం రాకుండా ఇక్కడ ఒక మనిషి నిలబడి ఉంది కనుక. కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఇంకా ముదిరింది. ఇప్పటిదాకా ఊరికే దూరం నుంచి చూసి ఏడ్చింది, ఇప్పుడు అందులో తన వాటా కూడా కనబడింది.

దుకాణంలోకి దిగింది. కాంటా పక్కన కుర్చీలో అనసూయమ్మ, గల్లా దగ్గర శేఖర్, బెల్లం కోసం వచ్చిన నలుగురైదుగురు. వాళ్లలో ఘన్‌పూర్ దిక్కు పల్లెనుంచి ప్రతి జాతరకూ వచ్చే బక్కమ్మ ఒకతె.

"ఏమన్నది? ఎప్పుడెక్కుతాంది విమానం?" అన్నాడు శేఖర్.

"రాదట. ఆదివారం దాక ఆడనే ఉంటదట."

అనసూయమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "తల్లి దవాఖానల పడ్డదన్నా రాదా? గింత రాయి గుండె పిల్లను కన్ననా నేను!" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రోగం అబద్ధమైనా ఏడుపు మాత్రం నిజం. ఆమెకు రాని గుండెనొప్పి ఇప్పుడు వచ్చేలా ఉంది. వినోదకు జాలేసింది. అందులోనూ కాస్త సంతోషం కలిసింది, ఏం చేస్తాం.

"ఏడ్వకు అమ్మ" అన్నాడు శేఖర్. "ఇది రాకుంటె మొక్కు ఆగుతదా? వినోదను జోకుదాం. ఇంటి బిడ్డైనా కోడలైనా ఒకటే గద. తేజు పేరు చెప్పి జోకితె అయిపాయె."

అనసూయమ్మ ముక్కు చీది ఆలోచించింది. మొహం విప్పారింది. "అవు బిడ్డా, నువ్వున్నవ్ గద! ఎక్కు."

అలవాటు అంటే ఏమిటో అప్పుడు చూడాలి. అంత మంటలోనూ వినోద కాళ్లు వాటంతటవే నడిచి కాంటా ఎక్కాయి. ఎర్ర అంకెలు వెలిగాయి. శేఖర్ అందరికీ వినబడేలా, "ఓయబ్బో! ఈసారి జాతర బంగారం అంతా నీ ఒక్కదానికే అయితది" అన్నాడు. దుకాణం నవ్వింది. అనసూయమ్మ నవ్వలేదు, ఆమెకు దేవతతో లెక్క తేలాలి. "తేజు గింత ఉండది రా, సన్నగుంటది. పది కిలోలు తగ్గియ్యి" అంది. "పది ఏం సరిపోతది అమ్మ, ఇరవై తియ్యాలె" అన్నాడు కొడుకు. "మరీ తగ్గిస్తె తల్లులకు కోపమొస్తది, పదిహేను తియ్యి" అని ఆమె బేరానికి దిగింది. నడుము దగ్గర ఇంత, చేతుల దగ్గర ఇంత అని ఇద్దరూ వినోదను ఎగాదిగా చూస్తూ తీసేస్తున్నారు. పండగ కొనుగోళ్లలో సంచీ బరువు తీసేసినట్టు తనను తనలోంచి తీసేస్తున్నారు. ఇది ఈ రోజు కొత్తగా జరుగుతున్నదేం కాదు. కాకపోతే ఇన్నాళ్లూ కాంటా మీద నిలబెట్టి చెయ్యలేదు.

"తగ్గియ్యకండ్రి" అంది వినోద.

ఇద్దరూ ఆగారు.

"తేజు మొక్కు తేజు వచ్చి ఇచ్చుకుంటది. ఇది నా బరువు, ఎంతున్నదో అంత బంగారం తీసి పక్కకు పెట్టండ్రి. నేను గూడ మొక్కుకున్న."

"నువ్వా? ఎప్పుడు?" అన్నాడు శేఖర్.

"ఇప్పుడే. కాంటా మీదనే."

"ఏమని మొక్కినవ్ బిడ్డా?" బక్కమ్మ సంబరంగా ముందుకు జరిగింది. ఆమెకు మొక్కుల ముచ్చటంటే తిండి అక్కర్లేదు.

వినోద దిగలేదు. కాంటా మీద నిలబడే చెప్పింది. "మా ఇంట్లోల్లందరు జాతరకు పోయి సల్లగ రావాలె. జాతర నాలుగు రోజులు నేను ఇంట్ల ఒక్కదాన్నే ఉండాలె. ఎవ్వలకు వండొద్దు, ఎవ్వలకు వడ్డియ్యొద్దు, వినోదా అని ఒక్కలు గూడ పిలువొద్దు. నా ఇష్టమొచ్చినప్పుడు లేవాలె, నా ఇష్టమొచ్చినప్పుడు పండాలె. గట్లయితె నిలువెత్తు బంగారం ఇస్తనని సమ్మక్క తల్లికి మొక్కుకున్న."

 జాతరలో వాళ్లు వేసే బెల్లం పందిట్లో పనివాళ్లతో కలిపి పదిమందికి మూడు రాళ్ల పొయ్యి మీద వినోద వండుతుంది. ప్రతి జాతరకూ అంతే. గద్దెల దాకా పోయి తల్లులను కళ్లారా చూడడానికి కూడా ఆమెకు తీరదు. శేఖర్ నవ్వబోయి, నవ్వు రాక, "పిచ్చి గిట్ల లేసిందా? మొక్కుకునే మొక్కేనా గది? దిగు" అన్నాడు.

"మొక్కును గట్ల అనొద్దయ్యా సేటు" అంది బక్కమ్మ, బెదిరిపోయి. "అడ్డం పడ్డోల్లను తల్లులు ఊకోరు."

శేఖర్ తల్లి వైపు చూశాడు. అనసూయమ్మ కోడలి మొహంలోకి చూస్తోంది, ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనంత సేపు. కోడలి మాటను ఆమె చాలాసార్లు కొట్టిపారేసింది, కొడుకు మాటను కూడా ఒక్కోసారి కొట్టేస్తుంది. మొక్కు మాటకు మాత్రం ఆమె నోరు లేవదు. నోట్లోంచి వచ్చాక అది కోడలిది కాదు, తల్లులది. కోపంతో ఆమె పెదాలు బిగుసుకున్నాయి. అయినా, "వద్దు శేఖర్. మొక్కింది. ఇగ ఏమనకు" అంది.

"ఏమనకు అంటె? పందిట్ల వంట ఎవరు జేస్తరు మరి?"

"మీరున్నరు గద" అంది వినోద. కాంటా దిగి, తన బరువు బెల్లం తనే ఏరి పక్కకు పెట్టించి, మెట్లెక్కింది.

 భయం లేకపోలేదు. సాయంత్రం శేఖర్ పైకి వచ్చాక ఏమంటాడో, అత్తమ్మ ఎన్నాళ్లు మాట్లాడడం మానేస్తుందో, అన్నీ ఆమెకు తెలుసు. తెలిసినా మొక్కు మొక్కే. ఇంకొక్క పని మిగిలింది. డాబా మీదికి పోయి ఫోన్ కలిపింది.

"వదినా, అమ్మకెట్లున్నది?" తేజు గొంతులో కంగారు.

"కింద దుకాణంల కూసోని చాయ్ తాగుతాంది. ఆమెకేం గాలేదు తేజూ. అబద్ధం చెప్పిన. చెప్పుమన్నది మీ అన్ననే, గని నేను చెప్పింది కుళ్లుతోని. నువ్వు ఏడుస్తాంటె నాకు మంచిగనిపిచ్చింది."

 "నా మీద గంత కుళ్లెందుకు వదినా? నేను నీకేం జేసిన?" అంది తేజు. ఆ గొంతు మళ్లీ ఆరో తరగతి పిల్లదైంది.

వినోద జవాబు కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"ఆదివారం దాక ఉండు, మంచిగ మునుగు. వద్దంటలేను. గని నువ్వు ఆడ పండుకున్నది నా వీపు మీద తేజూ. ఇగ జర లేవు. నేను గూడ పండుకోవాలె."